మనోచికిత్స – ప్లాసిబో చర్చలో భావకర్తృత్వం

మనోచికిత్సా పద్ధతులు ఏవైనా వాటి ఫలితాలు ఇంచుమించు సమానమేనన్న అభిప్రాయానికి పాశ్చాత్య పరిశోధనా సాహిత్యంలో ‘డోడో పక్షి తీర్పు’ అని పేరు. 1865లో వెలువడిన లూయీ కారల్ ఆలిస్ కథలో పరుగుపందెం ముగిశాక డోడో పక్షి అందరినీ విజేతలుగా ప్రకటిస్తుంది. ఈ ఘట్టాన్ని 1936లో మనోచికిత్సకు అన్వయించినవారు అమెరికన్ మనస్తత్వవేత్త సాల్ రోజెన్‌జ్వైగ్. కాని 1975లో లుబోర్‌స్కీ, సింగర్, లుబోర్‌స్కీ ప్రచురించిన సమీక్షా వ్యాసం విస్తృత ప్రచారం పొందడంతో, మూలభావన సైతం లుబోర్‌స్కీదేనన్నట్లు పేర్కొనడం కనిపిస్తుంది.

ఇది కేవలం పేర్ల తారుమారు కాదు. రోజెన్‌జ్వైగ్ చేసింది తార్కిక ప్రతిపాదన. పరస్పర విరుద్ధ సిద్ధాంతాలపై ఆధారపడిన పద్ధతులన్నీ రోగులకు మేలు చేస్తున్నప్పుడు, ఆ మేలును ఏ ఒక్క సిద్ధాంతానికీ రుజువుగా స్వీకరించలేమనీ, గుర్తింపునకు రాని ఉమ్మడి అంశాలు అన్నింటిలోనూ పనిచేస్తూ ఉండవచ్చుననీ ఆయన వాదించారు. చికిత్సలను పోల్చిన అధ్యయనాలను సేకరించి సమీక్షించినది 1975 నాటి వ్యాసం. కనుక ‘రోజెన్‌జ్వైగ్ నిరూపించారు’ అని రాయడమూ అంతే దోషం. ఒక ఊహ నలభై ఏళ్ల ముందే నిర్ధారణగా మారిపోతుంది.

ప్లాసిబో విషయంలో చిక్కు మరింత జటిలం. డేవిడ్ రోజెంతాల్, జెరోమ్ ఫ్రాంక్ 1956లో ‘సైకలాజికల్ బులెటిన్’లో రాసిన వ్యాసాన్ని ‘మనోచికిత్స కేవలం ప్లాసిబో’ అన్న వాదానికి ఆధారంగా చూపడం సరికాదు. వారు చెప్పినది పరిశోధనా పద్ధతికి సంబంధించిన హెచ్చరిక. ఒక చికిత్సకు ప్రత్యేక ప్రభావం ఉందని చెప్పాలంటే, రోగులు అంతే విశ్వాసం ఉంచే మరొక చికిత్సతో దానిని పోల్చి చూడాలి. ఆ పోలిక లేనంతవరకు మెరుగుదలకు కారణం పద్ధతా, విశ్వాసమా అన్నది తేలదు. రోగిలో ఆశను మేల్కొల్పడం చికిత్సలో భాగమేనన్న విస్తృత వాదం ఫ్రాంక్ 1961 నాటి గ్రంథం ‘పర్సుయేషన్ అండ్ హీలింగ్’లో కనిపిస్తుంది. ఈ రెండింటినీ ఒకే ఉటంకింపులో కలపరాదు.

ఇంటిపేరు, సంవత్సరం మాత్రమే ఇచ్చే ఉటంకింపు పద్ధతిలో మరో ప్రమాదం పొంచి ఉంది. ప్రయోగకర్త అంచనాల ప్రభావంపైనా, 1968 నాటి ‘పిగ్మాలియన్ ఇన్ ది క్లాస్‌రూమ్’ గ్రంథం ద్వారానూ ప్రసిద్ధులైన రాబర్ట్ రోజెంతాల్ వేరొక వ్యక్తి. ఆయన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం కూడా 1956 నాటిదే.