పిలుపును పరీక్షించేదెవరు?

రాచర్ల నుంచి గిద్దలూరు మీదుగా నల్లమల దాటితే నంద్యాల ప్రాంతం. అక్కడి చిందుకూరులో 1961లో పుట్టిన పూల ఆంథోనిగారు పేదరికం వల్ల ఏడో తరగతితో చదువు ఆపేశారు. మిషనరీలు ఆదుకోగా మళ్లీ చదివి, 1992లో క్యాథలిక్ ఫాదర్‌ అయ్యారు. 2022లో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు.

పదవుల మాట అటుంచి, ఆ మధ్య గడిచిన ఏళ్లను చూద్దాం. ‘దేవుడు నన్ను పిలిచాడు’ అనగానే క్యాథలిక్ సంఘం నమ్మేయదు. తత్వశాస్త్రం, వేదాంతం కలిపి కనీసం ఆరేళ్లు చదివిస్తుంది. సిస్టర్ కాగోరే అమ్మాయి నొవిషియేట్‌లో ఏడాదైనా గడపాలి. ఆపైన కనీసం మూడేళ్లు తాత్కాలిక ప్రమాణాల్లో ఉన్నాకే శాశ్వత ప్రమాణం. ఈలోగా ‘ఇది నా దారి కాదు’ అనిపిస్తే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఫాదర్‌గా అభిషేకించే రోజున సైతం ఇతడు యోగ్యుడేనా అని బిషప్పు అడుగుతారు. విశ్వాసులను విచారించామనే జవాబు వస్తేనే ముందుకు సాగుతారు.

సేవకుడు పెళ్లి చేసుకోకూడదంటే మనం ఒప్పుకోం. పేతురుకు అత్తగారుందని మనకు తెలుసు. కానీ ఉజ్జీవ కూటాల చివరి రాత్రి చెయ్యెత్తిన కుర్రవాణ్ణి మనమేం చేస్తున్నాం? ప్రార్థించి పంపేస్తున్నాం. కొందరు నెల తిరక్కుండానే సొంత బోర్డు కట్టేస్తారు. ఇంకొందరు తల్లి మొక్కుబడి తీర్చడానికి ఇష్టంలేని సేవలో జీవితమంతా నలుగుతారు. అంతియొకయలో బర్నబాను, సౌలును పిలిచింది పరిశుద్ధాత్ముడే అయినా, ఉపవాసముండి చేతులుంచి పంపింది సంఘం.

బాలుడైన సమూయేలు దేవుని స్వరం విని మూడుసార్లు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. అది ఎవరి స్వరమో గ్రహించింది చూపు మందగించిన ఆ ముసలి యాజకుడే. తెల్లవారాక, ఏమీ దాచకుండా చెప్పమని అడిగింది కూడా ఆయనే. ఆ మాట తన ఇంటిమీది తీర్పే.