మూడు పచ్చ దీపాలు

ఎల్లారెడ్డి నుంచి మెదక్, నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ వెళ్లేవాళ్లకు దారిలో దుండిగల్ తగులుతుంది. అక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 2013లో వచ్చిన పిలాటస్ పీసీ-7 శిక్షణ విమానం నేల వదిలాక చక్రాలను లోపలికి ముడుచుకుంటుంది. అంతకుముందు శిక్షణకు వాడిన హెచ్‌పీటీ-32కి చక్రాలు ఎప్పుడూ కిందే ఉండేవి. గాలికి అవి అడ్డే, కానీ దింపడం మరిచిపోయే ప్రశ్నే లేదు.

ముడుచుకునే చక్రాలు 1930లలో బాగా వాడుకలోకి వచ్చాయి. వేగం పెరిగింది, పైలట్ గుర్తుపెట్టుకోవాల్సిన పనీ పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక కూడా రన్‌వే మీదే పొట్ట ఆనించి కూలబడేవి. ఫ్లాపుల మీట, చక్రాల మీట పక్కపక్కనే, ఒకేలా ఉండేవి. అలసిన చెయ్యి ఒకదానికి బదులు మరొకటి లాగేది. అల్ఫాన్స్ షపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం తగిలించాడు. చూడకుండానే వేళ్లకు తెలిసిపోతుంది! నేటికీ ఆ మీట పిడి చక్రం ఆకారంలోనే ఉంటోంది.

చేతి పొరపాటుకు మందు దొరికింది గానీ, మనసు పక్కకు మళ్లితే? 1972 డిసెంబరు 29 రాత్రి మయామీలో దిగాల్సిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానాన్ని తలచుకోకుండా ఈ కథ ముందుకు సాగదు. చక్రాలు దిగి గట్టిగా నిలిచాయని చెప్పే పచ్చ దీపాల్లో ముందు చక్రానిది వెలగలేదు. 2,000 అడుగుల ఎత్తున విమానాన్ని ఆటోపైలట్‌కు అప్పగించి, సిబ్బంది ఆ బల్బు సంగతిలో మునిగిపోయారు. ఊడదీసిన బల్బు తిరిగి పెట్టేటప్పుడు ఇరుక్కుంది. ఈలోగా విమానం మెల్లగా కిందికి జారుతోంది. హెచ్చరిక మోగినా ఎవరూ పట్టించుకోలేదు. చిత్తడి నేలలో కూలి 101 మంది చనిపోయారు. చక్రాలు సరిగ్గానే దిగి ఉన్నాయి, మాడిపోయింది బల్బులే.

చిన్న విమానంలో తరచూ పైలట్ ఒక్కడే ఉంటాడు, పక్కన గుర్తుచేసే మనిషి ఉండడు. చక్రాలు దింపే వేళకే టవర్ నుంచి పిలుపొస్తుంది, ముందున్న విమానం కోసం చుట్టు తిరగమంటుంది. తెగిన పని మళ్లీ అందుకునేసరికి ‘అది అయిపోయిందిగా’ అనిపిస్తుంది. చక్రాలు దింపకుండా ఇంజిన్ శక్తి తగ్గిస్తే హారన్ మోగుతుంది, రేడియో మాటల్లో ఉన్న చెవికి అదీ ఎక్కకపోవచ్చు. అందుకే మంచి శిక్షకులు తెగినచోట అతికించనివ్వరు, చెక్‌లిస్టును మొదటి అంశం నుంచి మళ్లీ చదివిస్తారు. మూడు చక్రాల పచ్చ దీపాలూ వెలిగాయని పైకి చెప్పిస్తారు.

దీపాలు కనిపించకపోతే చక్రాలు దిగలేదనే కాదు. పైపర్ ఆరో లాంటి చిన్న విమానంలో పగటిపూట నావిగేషన్ లైట్లు వేసి ఉంటే ఆ పచ్చ దీపాలు మసకబారి, ఆరిపోయినట్టే కనిపిస్తాయి. లేదా ఒక బల్బు పోయి ఉంటుంది, వెలిగేదాన్ని తీసి దాని చోట పెట్టి చూడొచ్చు. అయితే ముందు పైకెక్కాలి, విమానాన్ని నిలకడగా ఉంచాలి. బల్బు సంగతి ఆ తరవాతే.