తొమ్మిది రోజుల రాణి, 54 ఏళ్ల ఫాదర్: ట్యూడర్ల ఇంగ్లండ్ వింతలు

బ్రిటన్ నాణెం ఎప్పుడైనా చేతికొస్తే రాజుగారి బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాలు చూడండి. వాటిలో ‘ఎఫ్ డి’ అని రెండక్షరాలు కనిపిస్తాయి. లాటిన్‌లో ‘ఫిదెయి దెఫెన్సోర్’, అంటే విశ్వాస రక్షకుడు. మార్టిన్ లూథర్‌ను ఖండిస్తూ పుస్తకం రాసినందుకు 1521లో పోప్ పదో లియో ఎనిమిదో హెన్రీకి ఇచ్చిన బిరుదు అది. పదమూడేళ్లు తిరిగేసరికి ఆ హెన్రీయే పోప్‌తో తెగతెంపులు చేసుకుని, ఇంగ్లండ్ చర్చికి తానే అధిపతినని చట్టం చేయించుకున్నాడు. బిరుదును మాత్రం వదులుకోలేదు. పోప్ దాన్ని వెనక్కి తీసుకుంటే, తన పార్లమెంటు చేత మళ్లీ ఇప్పించుకున్నాడు. ఐదు వందల ఏళ్లు దాటినా అది నాణెం మీద అలాగే ఉంది.

1485 నుంచి 1603 దాకా, 118 ఏళ్లు ఇంగ్లండ్‌ను ఏలింది ట్యూడర్ వంశం. హెన్రీ ఆరు పెళ్లిళ్ల కథ చాలామందికి తెలుసు. నన్ను మాత్రం ఆ అంతఃపురం కంటే పల్లెటూరి చర్చే ఎక్కువగా పట్టి లాగుతుంది. లండన్‌లో ఒక సంతకం పడితే ఎక్కడో మారుమూల ఊళ్లో దేవుడి ముందు దీపం ఆరిపోయిన కాలం అది.

రికార్డుల మాటకొస్తే, అతి తక్కువ కాలం ఏలింది లేడీ జేన్ గ్రే. 1553 జులై 10న రాణి అని చాటారు, 19న దించేశారు. ఆ తర్వాతి ఫిబ్రవరిలో తల తీయించారు. అప్పటికి ఆ పిల్లకు పదహారో, పదిహేడో ఏళ్లు. అంతకుముందు ఏలిన ఆరో ఎడ్వర్డ్ గద్దెనెక్కింది తొమ్మిదేళ్ల వయసులో, పోయింది పదిహేనేళ్లకే. వంశంలో అందరికంటే ఎక్కువ కాలం, 44 ఏళ్లు ఏలింది మొదటి ఎలిజబెత్.

ఒకే రోజు రెండు మతాల వాళ్లకూ మరణశిక్ష పడిన ఘట్టం చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1540 జులై 30న లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌కు ఆరుగురిని ఈడ్చుకెళ్లారు. ముగ్గురు రాజును చర్చికి అధిపతిగా ఒప్పుకోని కేథలిక్కులు. వాళ్లను రాజద్రోహులని ఉరితీశారు. మిగతా ముగ్గురూ కొత్త మతాన్ని బోధించినవాళ్లు. వాళ్లను మతద్రోహులని సజీవంగా తగలబెట్టారు. ఒక్కో చట్రానికి ఒక కేథలిక్కును, ఒక ప్రొటెస్టెంటును జతగా కట్టి తీసుకెళ్లారు. రెండు రోజుల ముందే థామస్ క్రామ్‌వెల్ తల తెగింది. హెన్రీ కోసం ఈ మార్పులన్నీ నడిపించిన మంత్రి ఆయనే. ఆయన తల తెగిన రోజునే రాజు ఐదో పెళ్లి చేసుకున్నాడు.

నాలుగేళ్లలో 800 మఠాలు

ఆ కాలంలో అతి పెద్ద ఆస్తి మార్పిడి ఇదే. 1536 నుంచి 1540 లోపు దాదాపు 800 మఠాలు మూతబడ్డాయి. చిట్టచివర 1540 మార్చిలో వాల్తమ్ మఠం వంతు వచ్చింది. చాలాచోట్ల కప్పు మీది సీసం రేకులు ఊడదీసి కరిగించారు, గంటలు దించి అమ్మారు. భూముల్లో చాలా భాగం డబ్బున్న ఆసాముల చేతుల్లోకి పోయింది. అన్నం పెట్టే చెయ్యి పోయిందని ఉత్తరాదిలో 1536లోనే 30 వేల మంది దాకా తిరగబడ్డారు. రాబర్ట్ ఆస్క్ అనే లాయరు వాళ్ల నాయకుడు. క్షమించానని రాజు మాటిచ్చి ఇళ్లకు పంపాడు. మరుసటి ఏడాది ఆస్క్‌ను యార్క్‌లో ఉరితీశారు.

మఠాలు పోయాక బీదాబిక్కీకి దిక్కెవరు? 1547లో ఒక ఘోరమైన చట్టం వచ్చింది. పని లేకుండా తిరిగేవాడి రొమ్ము మీద కాల్చి అచ్చు వేసి, రెండేళ్లు బానిసగా అప్పగించవచ్చన్నారు. అది మూడేళ్లయినా నిలవలేదు. చాలా తడబాట్ల తర్వాత 1601 చట్టంతో, ఊరి పేదలకు ఊరే పన్ను వేసుకుని తిండి పెట్టాలన్న పద్ధతి స్థిరపడింది. దాని పునాది 1834 దాకా చెక్కుచెదరలేదు.

గొలుసు కట్టిన బైబిల్

విలియం టిండేల్ బైబిల్‌ను ఇంగ్లీషులోకి తెచ్చినందుకు 1536లో బ్రస్సెల్స్ దగ్గర ఆయన గొంతు బిగించి చంపి, శవాన్ని తగలబెట్టారు. మూడేళ్లు గడవకముందే ‘గ్రేట్ బైబిల్’ అచ్చయింది. ప్రతి చర్చిలో ఇంగ్లీషు బైబిల్ ఉండాలని అప్పటికే రాజాజ్ఞ వచ్చేసింది. కొత్త గ్రంథంలో ఎక్కువ భాగం టిండేల్ మాటలే, ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు. చాలాచోట్ల ఎవరూ ఎత్తుకుపోకుండా దానికి గొలుసు వేశారు. జనం గుమిగూడి చదువుతూ వాదించుకోవడం మొదలుపెట్టేసరికి రాజుకు గుబులు పట్టుకుంది. 1543లో మామూలు ఆడవాళ్లు, చేతిపనివాళ్లు, పనివాళ్లు, కూలీలు బైబిల్ చదవకూడదని చట్టం తెచ్చారు. పెద్దింటి ఆడవాళ్లు తమకు తాము చదువుకోవచ్చు, పైకి వినిపించకూడదు.

క్రామ్‌వెల్ 1538లో పెట్టిన ఇంకో నియమం ఉంది. ప్రతి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో రాయాలి. పుట్టినా చచ్చినా పన్ను వేస్తారేమోనని జనం హడలిపోయారు. కానీ ఆ పుస్తకం లేకపోతే స్ట్రాట్‌ఫర్డ్‌లో 1564 ఏప్రిల్ 26న షేక్స్‌పియర్ అనే పసివాడికి బాప్తిస్మం ఇచ్చారని మనకు తెలిసేదే కాదు. అంతకు మునుపు మామూలు మనిషి పేరు కాగితానికి ఎక్కాలంటే చాలాసార్లు భూమి తగాదా రావాలి, లేదా నేరం చెయ్యాలి.

ఈ మార్పుల చివరి పాయ మన తీరాన్నీ తాకింది. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చింది. 1611లో కంపెనీ ఓడ ‘గ్లోబ్’ మచిలీపట్నం చేరింది. అప్పటికి ట్యూడర్ వంశం అంతరించి ఎనిమిదేళ్లయింది.

నల్ల వస్త్రాలు

నాకు అన్నిటికంటే ప్రియమైన రికార్డు ఒక పల్లె ఫాదర్‌ది. డెవన్‌లో ఎక్స్‌మూర్ అంచున మోర్‌బాత్ అనే ఊరు. ముప్పై మూడు కుటుంబాలు. క్రిస్టఫర్ ట్రికీ 1520లో అక్కడికి ఫాదర్‌గా వచ్చి 1574లో చనిపోయేదాకా, 54 ఏళ్లు అక్కడే ఉన్నాడు. హెన్రీ, ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్ అందరినీ చూశాడు. ఊరి జమాఖర్చులు స్వయంగా రాసి జనానికి చదివి వినిపించేవాడు. ఆ లెక్కలు ఇప్పటికీ ఉన్నాయి.

చర్చిలో ఒక్కో పునీతుడి పేరిట గొర్రెలుండేవి. ఇంటికొకటి చొప్పున మేపేవాళ్లు. ఉన్ని అమ్మిన డబ్బుతో దీపాలు వెలిగేవి. చనిపోయినవాళ్ల కోసం చేసే పూజకు నల్ల వస్త్రాలు కొనాలని ఫాదర్ ఆశ. దానికి దాదాపు ఇరవై ఏళ్లు పైసా పైసా కూడబెట్టాడు. తీరా అవి చేతికొచ్చేసరికి హెన్రీ చనిపోయాడు. చిన్న రాజు ఎడ్వర్డ్ పేరిట ఏలుతున్న పెద్దలు చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడమే తప్పన్నారు. విగ్రహాలు పోయాయి, దీపాలు పోయాయి, గొర్రెల మందలూ పోయాయి. మేరీ రాణి 1553లో పాత మతాన్ని తిరిగి తెచ్చినప్పుడు ఊళ్లోవాళ్లు ఇళ్లలో దాచిన చర్చి సామాన్లు ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చారు. ఆ రాణి ఐదేళ్ల ఏలుబడిలోనే 280 మందికి పైగా ప్రొటెస్టెంట్లను తగలబెట్టారు. ఎలిజబెత్ రాగానే మోర్‌బాత్‌లో మళ్లీ అన్నీ తీసేశారు. ఫాదర్ కొత్త ప్రార్థన పుస్తకం చేతబట్టుకుని అదే చర్చిలో నిలబడ్డాడు. పిరికితనమని కొందరు అనవచ్చు. తన ఊరివాళ్లను వదిలి వెళ్లలేకపోయాడని నేననుకుంటాను.

ఆ లెక్కల్లో ఇంకో పద్దు ఉంది. 1549లో ఊరు చందా వేసుకుని, ఆయుధాలిచ్చి, ఐదుగురు కుర్రాళ్లను ఎక్సెటర్ దగ్గరి శిబిరానికి పంపింది. అది తిరుగుబాటు శిబిరం. ఆ ఏడాది లాటిన్ పూజ ఆపి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకాన్నే వాడాలన్నందుకు డెవన్, కార్న్‌వాల్ జనం లేచారు. కార్న్‌వాల్ వాళ్ల గోడు వేరు. వాళ్లలో కొందరికి ఇంగ్లీషు రాదు, ఇంట్లో మాట్లాడేది కార్నిష్. లాటిన్ అర్థం కాకపోయినా తాతల నాటి నుంచి చెవులకు అలవాటైన భాష. సైన్యం వచ్చి వేల మందిని చంపింది. కార్నిష్‌లో ప్రార్థన పుస్తకం అచ్చు కాలేదు.

వేల్స్‌కు మాత్రం వేరే దారి దొరికింది. అక్కడి కచేరీల్లో ఇంగ్లీషే చెల్లాలని హెన్రీ చట్టం చేశాడు. అతని కూతురు ఎలిజబెత్ కాలంలో 1563లో, బైబిల్‌ను వెల్ష్‌లోకి తేవాలని ఇంకో చట్టం వచ్చింది. విలియం మోర్గన్ అనే ఫాదర్ ఆ పని పూర్తిచేశాడు. 1588లో, స్పెయిన్ ఓడల దండు ఇంగ్లండ్ మీదికి వచ్చిన ఏడాదే, వెల్ష్ బైబిల్ అచ్చయింది. వేల్స్ చర్చిల్లో ఆ భాష ఇవాళ్టికీ వినిపిస్తుంది. కార్నిష్‌ను ఉగ్గుపాలతో నేర్చినవాళ్లలో ఆఖరిదని చెప్పుకునే డాలీ పెంట్రీత్, మౌజల్ రేవులో చేపలమ్ముకునే ముసలావిడ, 1777లో కన్నుమూసింది.