ఒక్క ఇంజెక్షన్‌కు ఐదు కిలోల ఎండుటాకు

ఒక మనిషికి ఒక్కసారి ఎక్కించే కేన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ సుమారు 10 మిల్లీగ్రాములు. అంత మందు తీయాలంటే తక్కువలో తక్కువ 5 కిలోల ఎండిన బిళ్లగన్నేరు ఆకు కావాలి. గ్రాముకు 500 కిలోల ఆకు అన్నది చాలాకాలంగా చెబుతున్న లెక్క. 2022లో డెన్మార్క్ పరిశోధకులైతే 2,000 కిలోలు దాటుతుందన్నారు.

మన పెరట్లో అడగకుండానే మొలిచే ఈ మొక్కను తమిళనాడు దక్షిణాన పొలాల్లో సాగు చేస్తారు. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుక్కుడి జిల్లాలోనూ, పక్కనున్న విరుదునగర్ జిల్లాలోనూ మెట్ట రైతులు సునాముఖితో పాటు దీన్నీ వేస్తారు. అక్కడి నల్లరేగడి మీద తరతరాలుగా బతుకుతున్న తెలుగు కుటుంబాలు ఎన్నో. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ కురిసే వానే వారికి ఆధారం.

వానాధారంగా హెక్టారుకు దాదాపు 2 టన్నుల ఎండుటాకు వస్తుంది. అంటే ఎకరాకు 800 కిలోలు. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే కేన్సర్ ఉన్న రోగికి పూర్తి చికిత్సలో 12 సార్లు, మొత్తం 120 మిల్లీగ్రాముల విన్‌బ్లాస్టిన్ పడుతుంది. పై రెండు లెక్కల ప్రకారం ఒక ఎకరం ఆకు ముగ్గురికో, మహా అయితే పదముగ్గురికో సరిపోతుంది. ఎండలో నిలబడి ఆకు కోసే కూలీల శ్రమ ఎంత విలువైనదో ఈ అంకెలే చెబుతాయి.

ఈ మందు కథ మధుమేహంతో మొదలైంది. జమైకా నుంచి వచ్చిన బిళ్లగన్నేరు ఆకులు మధుమేహాన్ని తగ్గిస్తాయేమోనని కెనడాలో రాబర్ట్ నోబుల్ బృందం పరీక్షించింది. నోటి ద్వారా ఇస్తే జంతువుల రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే తెల్లరక్తకణాలు పడిపోయాయి. 1958లో నోబుల్, చార్లెస్ బీర్ విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నని గొట్టాలు ఉంటాయి. ఈ మందు వాటిని కట్టనివ్వదు. రక్తంలో తిరుగుతుంది కాబట్టి ఊపిరితిత్తులకు పాకిన గడ్డనూ చేరుతుంది. అయితే ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది.

పాకిన కేన్సర్ మీద దీని సత్తా 1977లో తేలింది. వృషణాల కేన్సర్ ఒళ్లంతా పాకిన 47 మందికి అమెరికాలో లారీ ఐన్‌హార్న్ బృందం సిస్‌ప్లాటిన్, బ్లియోమైసిన్‌లతో కలిపి దీన్ని ఇచ్చింది. 74 శాతం మందిలో వ్యాధి జాడ కనబడకుండా పోయింది. తర్వాత విన్‌బ్లాస్టిన్ స్థానంలోకి వచ్చిన ఎటోపొసైడ్ మూలం కూడా మొక్కే.

మొక్కలు కేన్సర్ పాకకుండా ఆపుతాయని వచ్చే వార్తల్లో చాలా భాగం గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగాలే. పసుపులోని కర్క్యుమిన్‌నే చూడండి. పళ్లెంలో తరచు 10 నుంచి 50 మైక్రోమోలార్ గాఢతలో వాడతారు. 2001లో తైవాన్‌లో మనుషులకు రోజుకు 8 గ్రాములు మింగించినా రక్తంలో అది సగటున 2 మైక్రోమోలార్‌కు చేరలేదు. పళ్లెంలో చేసే పరిశోధన పనికిరానిదని నేను అనను. బిళ్లగన్నేరు కూడా ప్రయోగశాల గడపే దాటి వచ్చింది. కానీ పళ్లెంలో ఫలితం రోగికి వైద్యం కాదు.

గుప్పెడు బిళ్లగన్నేరు ఆకుతో కాచిన కషాయంలో మందు మోతాదు ఉండదు. ఆ ఆకులో నూరుకు పైగా ఇతర ఆల్కలాయిడ్లు మాత్రం ఉంటాయి, వాటిలో విషాలూ ఉన్నాయి. దయచేసి తాగకండి, ఎవరికీ తాగించకండి. ఏదైనా ఆకు కేన్సర్‌ను ఆపుతుందని ఎవరైనా చెబితే, ఎంతమంది మనుషుల్లో, ఎంత మోతాదులో చూశారో అడగండి. జవాబు వచ్చేదాకా డాక్టరు రాసిన మందు ఒక్క రోజు కూడా ఆపకండి.