నేలను చూస్తూ ఎగిరే కెమెరా

అరచేతిలో ఉంచి మీట నొక్కితే లేచి, మనిషికి నాలుగడుగుల దూరంలో గాలిలో నిలబడి, అతడు నడిస్తే వెంట వచ్చే కెమెరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. డీజేఐ అనే చైనా కంపెనీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన నియో బరువు 135 గ్రాములు, అంటే ఒక సబ్బు బిళ్ళంత. బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో రీల్స్ తీసే పిల్లలు దీనిమీద మనసు పడటంలో ఆశ్చర్యం లేదు. పక్క జిల్లాలోని లంబాడిపల్లి నుంచే యూట్యూబ్‌లో ‘మై విలేజ్ షో’ గంగవ్వ ఇంటింటికీ తెలిసింది. ఊరిని ఊరివాళ్ళే చిత్రీకరించుకోవడం ఇక్కడ కొత్త కాదు, చిన్న పనీ కాదు.

ఇంత తేలికైన వస్తువు గాలికి కొట్టుకుపోకుండా ఎలా నిలుస్తుంది? నాలుగు రెక్కలు దాన్ని లేపుతాయి, అంతే. నిలబెట్టేది ముఖ్యంగా దాని పొట్ట కింద ఉన్న మరో చిన్న కెమెరా. నేలమీద రాయి, గీత, గడ్డిపరక వంటి గుర్తులను అది క్షణక్షణం చూస్తుంది. పడవలో కూర్చున్నవాడు ఒడ్డున ఉన్న చెట్టును చూసి పడవ కదిలిందని తెలుసుకున్నట్టు, గుర్తు జరిగితే తాను జరిగానని గ్రహించి, రెక్కల వేగం మార్చుకుని వెనక్కి వస్తుంది.

గుర్తులు లేని నేలమీద ఈ చూపు పనిచేయదు. ఒకే రంగు నేల, ముఖ్యంగా మొత్తం నలుపు లేదా మొత్తం తెలుపు, కదిలే నీరు, అద్దంలా మెరిసే ఉపరితలం, చీకటి: ఈ నాలుగూ దానికి గండాలే. మన ప్రాంతంలో నాలుగూ ఉన్నాయి. బొగ్గు పరుచుకున్న యార్డులో నేలంతా ఒకే నలుపు. గోదావరి ఘాట్ దగ్గర అలలు కదులుతుంటాయి, వాటితోపాటు కెమెరా కూడా కొట్టుకుపోవచ్చు. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు ఎండలో అద్దాలే.

ఇక ఎండ. ఇలాంటి కెమెరాలకు కంపెనీలు చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 40 డిగ్రీలు. రామగుండంలో మే నెల దాన్ని సులువుగా దాటేస్తుంది. నియో ఒక చార్జింగుతో 18 నిమిషాలు ఎగురుతుందని కంపెనీ లెక్క. అది గాలి లేని చోట వేసిన లెక్క. వడగాలిలో అంతసేపు ఆశించకూడదు. బొగ్గుపొడి మరో సమస్య. నేలమీద నుంచి లేపితే రెక్కల గాలికి ఎగిరిన పొడి ముందుగా పొట్ట కింది అద్దం మీదే పడుతుంది. అందుకే చేతిలోంచే లేపాలి, ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవాలి.

చట్టం దృష్టిలో ఇవి డ్రోన్లే, కనుక దాని సంగతి కొనేముందే తెలుసుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి ‘నానో’ తరగతి. వాటికి పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు. అలాగని ఎక్కడైనా ఎగరేయవచ్చని కాదు. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఉంచిన ‘డిజిటల్ స్కై’ పటంలో ఎరుపు రంగు ఉన్న చోట కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న కేంద్రం నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు. కనుక దుబాయి నుంచి వచ్చే బావ సూట్‌కేసులో తెమ్మని చెప్పేముందు ఆలోచించండి. చిక్కుల్లో పడేది ఆయన.

ఓపెన్‌కాస్ట్ గనిమీదికి మాత్రం వద్దు. అక్కడ బ్లాస్టింగ్ జరుగుతుంది, డంపర్లు తిరుగుతుంటాయి. షిఫ్టులో ఉన్న మనిషి తల పైకెత్తి చూసే ఒక్క క్షణం కూడా ప్రమాదమే.

ఈ కెమెరాకు సరిపోయే చోటు ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ వంటి గని కార్మికుల క్వార్టర్ల వీధి. ఫస్ట్ షిఫ్టుకు నాన్న టిఫిన్ డబ్బాతో బయల్దేరే వేళ, ఎండ ముదరకముందు. వాకిట్లో అమ్మ అప్పుడే ముగ్గు వేసి ఉంటుంది. కళ్ళాపి చల్లిన నేలమీద తెల్లటి చుక్కలు, మెలికలు, ఒక్కోటీ ఒక్కో రకం. పొట్ట కింది కెమెరాకు ఇంతకంటే స్పష్టమైన గుర్తులు దొరకవు. ముగ్గుకు పైన ఐదడుగుల ఎత్తులో అది కదలకుండా నిలబడుతుంది.