స్పోకెన్ వెబ్
'''స్పోకెన్ వెబ్''' అనగా చదవడం, వ్రాయడం అవసరం లేకుండా, సాధారణ ఫోను ద్వారా మాటలతోనే సమాచారాన్ని పొందడానికి, పంచుకోవడానికి వీలు కల్పించే వ్యవస్థ. దీనిని ఐ.బి.ఎం. భారత పరిశోధనాశాల రూపొందించింది. ఇందులో వెబ్‌సైటుకు బదులుగా "వాయిస్‌సైటు" ఉంటుంది. ఫోను నంబరే దాని చిరునామా.

2008లో ఆంధ్ర ప్రదేశ్ లోని ఒక గ్రామంలో "వాయికియోస్క్" పేరుతో దీనిని ప్రయోగాత్మకంగా నెలకొల్పారు. గ్రామస్థులు ఫోను చేసి వ్యవసాయ, ఆరోగ్య సలహాలు వినడమే కాక, తమ వృత్తులకు సంబంధించిన ప్రకటనలను తమ గొంతుతోనే నమోదు చేసేవారు.

చదువురాని వృద్ధులకు, చూపు మందగించినవారికి ఇటువంటి పద్ధతి అనుకూలమైనది. అయితే పుటను చూసినట్లు మాటలను ఒక్క చూపులో పరికించడం సాధ్యం కాదు, వరుసగా వినవలసిందే. ఎంపికల జాబితా పెరిగిన కొద్దీ మొదట విన్నది మరచిపోయే అవకాశముంది. కనుక ఎంపికలు కొద్దిగా, భాష స్థానిక మాండలికానికి దగ్గరగా ఉన్నప్పుడే ఇటువంటి సేవలు వృద్ధులకు నిజంగా అందుతాయి.