నమూనా చూపని సరుకు

మర్పల్లి: కంది బేరంలో కొనేవారు సంచి విప్పించి పిడికెడు గింజలు అరచేతిలో పోసుకుంటారు. తేమ 12 శాతం దాటితే ధర దిగుతుంది. తూకమయ్యాక తక్‌పట్టీ చేతికి వస్తుంది. బజారు పడిపోయినా పప్పు మిల్లు ఉన్నది, తినేవారున్నారు. 2025-26కు కేంద్రం ప్రకటించిన క్వింటాలు 8,000 రూపాయల మద్దతు ధర ఉన్నది.

సీజను ముగిసి పెట్టుబడి ఖాళీగా ఉన్న వేళ వర్తకుల చెవిన పడుతున్న మాట బిట్‌కాయిన్. వీటి సంఖ్య 2 కోట్ల 10 లక్షలు దాటదన్నది అమ్మేవారి మొదటి వాదన. కొరత నిజమే. కాని కందికి కొరత వచ్చినపుడు ధర పెంచేది వంటింటి అవసరం. ఇక్కడ మరో కొనుగోలుదారు తప్ప వేరే గిరాకీ లేదు. అతన్ని రప్పించడానికి దండోరా కావాలి. అందులో రాజకీయ నాయకులను మించినవారెవరు?

2024 జూలైలో నాష్‌విల్ సభలో ట్రంప్ చెప్పింది, ప్రభుత్వం వద్ద ఉన్న బిట్‌కాయిన్లు అమ్మబోమని. బజారు విన్నది, కొత్తగా కొంటారని. ఆయన గెలిచాక డిసెంబరులో ధర లక్ష డాలర్లు దాటింది. అప్పుడు అమ్ముకున్నవారికి లాభమే. 2025 మార్చిలో ఉత్తర్వు వెలువడింది: నిల్వకు జప్తు చేసినవే ఆధారం, ఖజానాపై భారం పడకుండా దారి దొరికితే మరికొన్ని. ధర జారింది. కొనుగోలు కేంద్రం వస్తుందన్న కబురుకే సరుకు బిగబట్టి, తీరా తెరిచాక గోనె సంచులు లేవని విన్న అనుభవం ఇక్కడివారికి కొత్త కాదు.

కొందరు నాయకుల పేరే సరుకైంది. 2025 జనవరి 17న వచ్చిన ట్రంప్ నాణెం రెండు రోజుల్లో 70 డాలర్లు దాటి, తర్వాత చాలా భాగం పోగొట్టుకున్నది. మొత్తం నాణేలలో 80 శాతం ఆయనకు సంబంధించిన సంస్థల చేతిలోనే! ఫిబ్రవరి 14న అర్జెంటీనా అధ్యక్షుడు మిలై లిబ్రా అనే నాణేన్ని మెచ్చుకుంటూ ప్రకటన పెట్టారు. గంటల్లోనే విలువలో 90 శాతానికి పైగా హరించుకుపోయింది. ప్రకటన తీసేశారు. కొన్నవారి డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ లాభంపై 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై 1 నుంచి నిర్ణీత పరిమితి దాటిన అమ్మకాలపై 1 శాతం టీడీఎస్. నష్టం వస్తే కంది లాభంలో తగ్గించి చూపే వీలు లేదు, మరుసటి ఏటికి మోసుకుపోయే వీలూ లేదు.